టేపు విప్పని పార్శిలు

మంచి దస్తూరి ఉన్నవాడికి ఈ లోకంలో సుఖం లేదు. ఈ సంగతి చిన్నప్పుడు ఎవరూ చెప్పరు. కాపీ పుస్తకాలు దిద్దించి, "ముత్యాల్లా ఉన్నాయిరా" అని తల నిమిరి వదిలేస్తారు. ఆ తరువాత బతుకంతా శుభలేఖల మీద పేర్లు రాసేది మనమే, చర్చి బోర్డు మీద ఆదివారం వాక్యం రాసేది మనమే, ఆఫీసులో పై అధికారి రిటైరైతే సన్మానపత్రం రాసేదీ మనమే. ఆ పత్రంలో ఉన్నదంతా అబద్ధమైనా అక్షరాలు మాత్రం గుండ్రంగా ఉంటాయి. నాకు తెలుగూ కన్నడమూ రెండూ గుండ్రంగానే వస్తాయి. రెండు లిపులూ దాయాదులు కాబట్టి చాకిరీ కూడా రెట్టింపు.

నేను బళ్లారిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. ఏ శాఖో చెప్పను. చెప్పినందువల్ల ఆ శాఖకు పెరిగే గౌరవమేమీ లేదు. డిగ్రీ చదివాను. ఆఫీసులో నన్ను తమాషా మనిషి అంటారు. ఏదైనా ఇబ్బంది వచ్చినప్పుడు ఒక చిన్న జోకు వేసి పక్కకు తప్పుకోవడం నాకు అలవాటు. ఇది తెలివి అని చాలాకాలం అనుకున్నాను.

సిగరెట్టు కాలేజీలో అంటింది. పెళ్లయ్యాక మా ఆవిడ దాన్ని వదిలించడానికి ప్రార్థన, ఉపవాసం, అలక, లవంగాలు అన్నీ ప్రయోగించింది. చివరికి నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. బ్రూస్‌పేటలో ఒక సందులో ఫ్యాన్సీ అంగడి ఉంది. గాజులు, క్లిప్పులు, తలకు పెట్టుకునే రబ్బరు బ్యాండ్లు దండలు దండలుగా వేలాడుతుంటాయి. ఆ దండల వెనక నుంచి అంగడాయన తెలిసినవాళ్లకు వేప్ అమ్ముతాడు. అదే, కరెంటుతో ఛార్జి చేసుకుని పీల్చే సిగరెట్టు. చూడ్డానికి లావుపాటి పెన్నులా ఉంటుంది. పొగలాంటి ఆవిరి వస్తుంది, దానికో పండు వాసన ఉంటుంది. "మామిడా, పుదీనానా సార్?" అని అడుగుతాడాయన, లస్సీ అంగట్లో అడిగినట్టు.

నేను మొదలుపెట్టేసరికే ప్రభుత్వం దాన్ని నిషేధించి చాలా ఏళ్లయింది. తయారుచేయడం, అమ్మడం, నిల్వ ఉంచడం, ప్రచారం చేయడం అన్నీ నేరమే. మామూలు సిగరెట్టు మాత్రం పోలీసు స్టేషను ఎదురు బీడీ బంకులో దొరుకుతుంది. ఈ ఏర్పాటు నాకు అర్థం కాలేదు. అర్థం కానివి అడగకపోవడం ప్రభుత్వోద్యోగి లక్షణం కనుక అడగలేదు.

మా ఆవిడ నా దగ్గర సిగరెట్టు వాసన పోవడం గమనించింది. దాని స్థానంలో మామిడి వాసన రావడమూ గమనించింది. నేను దగ్గు బిళ్లలన్నాను. నమ్మింది. నమ్మడంతో ఆగి ఉంటే బాగుండేది. మాది కంటోన్మెంటులో పాత మిషను సంఘం. అక్కడ ఎవరికైనా మేలు జరిగితే కృతజ్ఞతార్పణ అని కవరులో కొంత డబ్బు ఇస్తారు, కవరు మీద రాసిన సంగతిని పాస్టరుగారు ప్రసంగం చేసే పుల్పిట్ మీద నుంచి చదువుతారు. నాకు చెప్పకుండా మా ఆవిడ ఇచ్చేసింది. ఒక ఆదివారం ఆరాధన మధ్యలో పాస్టరుగారు నా వైపు చూసి, "ధూమపానమను బంధకము నుండి విడుదల పొందిన మన సహోదరుని నిమిత్తము, ఆయన కుటుంబము సమర్పించిన కృతజ్ఞతార్పణ" అని చదివారు. ఆడవాళ్ల వైపు నుంచి ఆమెన్ వచ్చింది. మగవాళ్ల వైపు నుంచి అంతకంటే పెద్ద ఆమెన్ వచ్చింది. అది నా పక్కన కూర్చున్నాయనది.

ఆయన ఎప్పుడూ నా పక్కనే కూర్చుంటాడు. ఒకప్పుడు దోణిమలైలో గనుల లారీ నడిపేవాడు. నడుము నొప్పికి అది మానేసి బ్రూస్‌పేటలో జిరాక్సు, స్టేషనరీ అంగడి పెట్టాడు. దగ్గర్లో రెండు బడులున్నాయి. నోటు పుస్తకాలు, చార్టులు, జామెట్రీ బాక్సులు, అదే ఆయన వ్యాపారం. ఆయన నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు.

"దేవుడు గొప్పోడు బ్రదర్! నేనైతే అనుకోల్య, నువ్వు ఇడుస్తావని."

నా ప్యాంటు జేబులో మామిడి ఉంది. నేను తల వంచుకున్నాను. అందరూ దాన్ని వినయం అనుకున్నారు.

పోయిన ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం మా సూపరింటెండెంటు నన్ను పిలిచాడు. బయట ఎవరో అధికారి జీపులో ఉన్నాడనీ, ఎక్కడో సోదా చేయబోతున్నారనీ, సాక్షులుగా ఇద్దరు ప్రభుత్వోద్యోగులు కావాలనీ చెప్పాడు. సోదాలో ఏం దొరికింది, ఎక్కడ దొరికింది అన్నది అక్కడికక్కడే కాగితం మీద పెట్టాలి. దాన్ని మా దగ్గర మహజరు అంటారు. సాక్షులు కళ్లతో చూసి, చూసింది నిజమేనని సంతకం పెట్టాలి.

"నన్నే ఎందుకు సార్?"

"వాళ్ల రైటరు లీవులో ఉన్నాడంటప్పా. నీ అక్షరాలు బాగుంటాయని నేనే చెప్పినా."

జీపులో నాతోపాటు రెండో సాక్షి ఒక టీచరమ్మ ఉంది. అధికారి నాతో స్నేహంగానే మాట్లాడాడు. బడి పిల్లల దగ్గర వేప్‌లు దొరుకుతున్నాయనీ, పైనుంచి గట్టిగా చెప్పారనీ అన్నాడు. నేను "ఛ ఛ" అన్నాను. జీపు బ్రూస్‌పేట వైపు తిరిగింది. ఫ్యాన్సీ అంగడి సందు మొదట్లో నెమ్మదించింది. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. బళ్లారి ఎండకు అది మామూలే కాబట్టి ఎవరూ గమనించలేదు. జీపు సందు దాటి ముందుకు పోయింది. నేను ఊపిరి వదిలాను. ఆ వదలడం పూర్తయ్యేలోపే జీపు స్టేషనరీ అంగడి ముందు ఆగింది. మా చర్చిలో నా పక్కన కూర్చునేవాడి అంగడి ముందు.

నన్ను చూసి ఆయన మొహం వెలిగింది. "రా బ్రదర్, రా. ఏంది, జీపులో వస్తాండావు? పెద్దోడయిపోయినావే!"

అధికారి తనెవరో చెప్పాడు. ఆ వెలుగు తగ్గింది. కానీ పూర్తిగా ఆరలేదు, నేనున్నాను కదా.

సోదాకు ఎంతోసేపు పట్టలేదు. జిరాక్సు మిషను కింద ఒక అట్టపెట్టె దొరికింది. చుట్టూ ఖాకీ రంగు టేపు, దాని మీద బస్సు పార్శిలు చీటీ. అధికారి బ్లేడుతో టేపు కోశాడు. నేను చూస్తూ ఉన్నాను. లోపల రంగురంగుల చిన్న డబ్బాలు. పసుపు రంగువి మామిడి, ఆకుపచ్చవి పుదీనా. నాకు చదవాల్సిన అవసరం రాలేదు.

"ఏన్రీ ఇదు?" అన్నాడు అధికారి. ఏమిటిది, అని.

"నాది కాదు సార్. పక్క సందులో ఫ్యాన్సీ అంగడాయన పొద్దున పెట్టిపోయినాడు. సాయంత్రం తీసుకుంటానన్యాడు. నేను టేపు కూడా ఇప్పల్య సార్. ఇప్పుడు మీరే కదా కోసింది!"

"ఎవరో పెట్టిపోతే ఏముందని అడగవా?"

"ఎట్ల అడిగేది సార్? అడిగితే నమ్మకం లేనట్టు కదా."

బయటివాళ్లకు ఇది సాకులా వినిపిస్తుంది. బ్రూస్‌పేటలో ఇది మర్యాద. అక్కడ తెలిసినవాడి అంగడి అంటే సగం అంగడి, సగం అందరి అటక. ఇంటి తాళాలు, టిఫిన్ క్యారియర్లు, బెంగళూరు బస్సులో వచ్చిన మూటలు, కుట్టుకు ఇచ్చిన జాకెట్లు, అన్నీ "కొంచెం ఈడ పెట్టుకోప్పా" అని పెట్టి వెళ్లిపోతారు. పెట్టుకున్నవాడు లోపలేముందని అడిగితే అవతలివాడు నొచ్చుకుంటాడు. మా ఇంటి తాళం కూడా చాలాసార్లు ఆ జిరాక్సు మిషను పక్కనే ఉంది.

ఫ్యాన్సీ అంగడాయన్ని పిలిపించారు. ఆయన తుండుతో మొహం తుడుచుకుంటూ వచ్చి పెట్టెను పరాయి పిల్లాణ్ని చూసినట్టు చూశాడు.

"నాకేం తెలుసు సార్? నేను గాజులు అమ్ముకునేటోణ్ని. ఆయప్ప అంగట్లో దొరికింది నాదెట్లయితాది?"

"ఏమప్పా, పొద్దున నువ్వే కదా పెట్టిపోయినావు! మొగం మీద చెప్పు!"

"నీకు ఎండదెబ్బ తగిలిండాది. మజ్జిగ తాగు పో."

తరువాత ఆయన మాకందరికీ వరసగా నమస్కారం పెట్టాడు. నాకు పెట్టినది మిగతావాళ్లకు పెట్టినంతే ఉంది, ఒక్క వెంట్రుక ఎక్కువా లేదు, తక్కువా లేదు. కొనేవాణ్ని బయటపెట్టకపోవడం ఆ వ్యాపారంలో మొదటి నియమమై ఉంటుంది.

ఒకడు నీదంటాడు, ఇంకొకడు కాదంటాడు. ఆ పెట్టె ఎవరిదో తెలిసిన మూడో మనిషి అక్కడ ఒకడున్నాడు. రాసుకునే అట్ట ఒళ్లో పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని, గుండ్రటి అక్షరాలతో మహజరు రాస్తున్నాడు. 'సార్, ఇవి ఆ గాజుల దండల వెనక దొరుకుతాయి, నేను అక్కడే కొంటాను' అని చెబితే చాలు. చిన్న వాక్యమే. కొన్నందుకు నాకు ఏ శిక్షా వెయ్యరని కూడా తెలుసు. కానీ ఆ వాక్యం సాయంత్రానికి కంటోన్మెంటుకు చేరుతుంది. కృతజ్ఞతార్పణ ఇచ్చిన మనిషి చెవికి చేరుతుంది.

అధికారి ఒక వేప్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పుతూ కన్నడంలో చెప్పుకుపోతున్నాడు. ప్లాస్టికు పరికరం, పెన్ను ఆకారం, పసుపు రంగు. "దీనికి ఛార్జింగు ఎక్కడ పెడతారప్పా?" అని తనలో తాను అన్నాడు.

"కింద, సార్. చిన్న మూత ఉంటుంది. గోటితో లేపాలి."

తల ఎత్తకుండానే చెప్పాను. వివరంగా రాయాలన్న యావ. అధికారి గోటితో లేపాడు. మూత లేచింది.

టీచరమ్మ నా వైపు తిరిగింది. అధికారి నవ్వి, "పరవాగిల్ల, చెన్నాగి గొత్తు నిమగె" అన్నాడు. బాగా తెలుసే మీకు, అని.

"పేపర్లో చదివాను సార్. నాకు బల్బు మార్చడం కూడా పేపర్లో చదివాకే వచ్చింది."

అధికారి ఇంకా నవ్వాడు. టీచరమ్మ కూడా కొంచెం నవ్వింది. స్టేషనరీ అంగడాయన నవ్వలేదు. ఆయన నన్నే చూస్తున్నాడు. కోపంగా కాదు. పెట్టెలోంచి వస్తున్న మామిడి వాసననూ, ప్రతి ఆదివారం తన పక్కన కూర్చునే మనిషి వాసననూ కలిపి చూసుకుంటున్నవాడిలా ముక్కుపుటాలు కదిలాయి. తరువాత ఆయన మొహంలో కనిపించింది ధైర్యం. ఇప్పటికీ నాకు మింగుడుపడనిది అదే. నాకు తెలుసని ఆయనకు తెలిసిపోయింది, ఇక భయం లేదనుకున్నాడు.

అధికారి నిలబడి మా ఇద్దర్నీ కన్నడంలో అడిగాడు, ఈ పార్శిలు ఎవరిదో మీకేమైనా తెలుసా అని. టీచరమ్మ తనకేమీ తెలియదంది. అధికారి నా వైపు తిరిగాడు.

"ఇల్ల సార్" అన్నాను.

అబద్ధం కన్నడంలో చెబితే సగమే అబద్ధమనిపించింది ఆ క్షణంలో.

తరువాత ఒకే ఒక ప్రయత్నం చేశాను. దాన్ని ప్రయత్నం అనవచ్చో లేదో. "సార్, టేపు విప్పకుండా ఉన్నట్టు రాయమంటారా?" అని అడిగాను. అధికారికి ఎండకు ఒళ్లు మండిపోతోంది. "అదెల్ల బేడ బిడ్రి" అన్నాడు. అవన్నీ వద్దన్నాడు. నేను వదిలేశాను. అమ్మకానికి ఉంచుకున్న సరుకు, అని ఆయన చెప్పినట్టే రాశాను. కన్నడంలో ఆ మాటకు గుండ్రాలు ఎక్కువ. చాలా అందంగా వచ్చింది.

ఆయన ఇల్లు అంగడి వెనకే. భార్య జొన్నపిండి చేతులతో పరుగెత్తుకుంటూ వచ్చింది. అప్పటికే ఆయన్ని జీపు వెనక సీటులో కూర్చోబెట్టారు.

"ఏమైందంట? యాడికి తీసకపోతాండారు?"

"ఏం కాదు పోవే, రొట్టెలు మాడిపోతాయి. బ్రదర్ ఉండాడు కదా!" అన్నాడాయన నన్ను చూపిస్తూ.

బ్రదర్ ఉన్నాడు. ముందు సీటులో ఉన్నాడు.

మరుసటి రోజు సంఘంలో ఇద్దరు పెద్దలు పోయి ఆయన్ని బెయిలు మీద తెచ్చారు. ఆ ఇద్దరిలో నేను లేను. సాక్షి వెళ్లకూడదని ఎవరో అన్నారు, నేను వెంటనే ఒప్పుకున్నాను. బడులవాళ్లు ఆయన దగ్గర పుస్తకాలు కొనడం మానేశారు. పిల్లలకు అదేదో అమ్ముతాడట, అన్న మాట చాలు. అంగడి షట్టరు సగం ఎత్తి ఉండేది, తరువాత పూర్తిగా దిగింది. చర్చిలో ఆయన పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ ఏర్పడింది. నేను వెనక బెంచీకి మారాను, ముందు ఫ్యాను తిరగడం లేదని చెప్పి. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"చూసినారా," అంది మా ఆవిడ ఇంటికి వస్తూ. "పక్కనే కూసున్యాడు ఇన్ని రోజులు. మీకు ఆశ చూపించకుండా దేవుడే కాపాడినాడు."

నేను దగ్గు బిళ్ల నోట్లో వేసుకున్నాను. ఆ రోజు నిజంగానే బిళ్ల.

ఒకసారి ఫ్యాన్సీ అంగడికి పోయాను. నువ్వు పోయి నిజం చెప్పు, ఒక సంసారం పాడైపోతోంది అన్నాను. ఆయన అంతా ఓపిగ్గా విన్నాడు.

"నేను చెప్తే నేను లోపలికి పోతా సార్. మీరు చెప్తే మీరేం పోరు కదా. మీరే చెప్పండి. సాక్షి మీరే కదా!" అన్నాడు. తరువాత గొంతు తగ్గించి, "ఇప్పుడు అవి ఈడ పెట్టడంల్యా. కావాలంటే ఫోన్ కొట్టండి," అన్నాడు.

నేను వేప్ మానేశాను. మళ్లీ సిగరెట్టు మొదలుపెట్టాను. పోలీసు స్టేషను ఎదురు బంకులోనే, చట్టానికి పూర్తిగా లోబడి తాగుతున్నాను. ఒకసారి ఒక కానిస్టేబులు నా అగ్గిపెట్టె అడిగి తీసుకున్నాడు కూడా.

వాసన పట్టుకోవడానికి మా ఆవిడకు వారం కూడా పట్టలేదు. ఆ రోజు వంటింట్లో నిలబడే అంతా చెప్పేశాను, మామిడి దగ్గర్నుంచి ఇల్ల సార్ దాకా. మధ్యలో ఒకచోట జోకు వెయ్యబోయాను. ఆమె చేత్తో ఆపింది. అరుస్తుందనుకున్నాను. స్టవ్ కట్టేసి గోడకు ఆనుకుని నిలబడింది.

"చర్చిలో ఆ బ్రదర్ భార్య పక్క నుంచి కొంగు సర్దుకుని లేచి వచ్చేసినా నేను, పోయిన ఆదివారం," అంది. తరువాత, "నాకు చెప్పి ఏం చేసుకోవాల? వాళ్లకి చెప్పి రాపో," అంది.

అప్పటికి కోర్టు నుంచి సాక్షిగా నాకు పిలుపు వచ్చి ఉంది. మహజరులో రాసింది నిజమేనని అక్కడ నిలబడి చెప్పాలి. అంటే నిజం చెప్పడానికి ఇంకొక అవకాశం మిగిలింది. ఆ ధైర్యంతోనే వాళ్లింటికి వెళ్లాను. దారిలో మాటలు కూర్చుకున్నాను. మొదట పలకరింపు, తరువాత క్షమాపణ, చివర్లో కోర్టు మాట. ఆఫీసు ఫైలు కట్టినట్టు కట్టుకున్నాను.

ఆయన భార్య ఇంటి ముందు అరుగు మీద జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి చాట పక్కన పెట్టింది.

"రాండి బ్రదర్. ఆయన ల్యాడు. దోణిమలైకి పోయినాడు."

"మళ్లీ లారీకా? నడుము నొప్పి కదా ఆయనకు?"

"నొప్పే. ఏం చేయాల? అంగడి మూసి కూసుంటే గడుస్తాదా?" అంది. లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. "కూసోండి."

కూర్చున్నాను. నీళ్లు తాగాను. కట్టుకున్న ఫైలులో మొదటి కాగితమే కనిపించలేదు. చివరి కాగితం నుంచి మొదలుపెట్టాను.

"సిస్టర్, ఆ పార్శిలు ఎవరిదో నాకు తెలుసు. ఆ రోజే తెలుసు. నేను వాడి దగ్గరే కొనేవాణ్ని."

ఆమె చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. "తెలుసు," అంది. "ఆయన స్టేషన్ నుంచి రాంగానే చెప్పినాడు. నీ వాసన, దాని వాసన ఒకటే అని."

"మరి ఆయన పోలీసులకు ఎందుకు చెప్పలేదు?"

"నేనూ అదే అడిగినా. బ్రదరే చెప్తాడులేవే, నేను చెప్తే ఆయప్పకి పేరు పోతాది, అన్యాడు. అట్లనే ఎదురుచూసినాడు. అంగడి మూసేదాకా ఎదురుచూసినాడు."

పొట్టు గాలికి లేచి నా ప్యాంటు మీద పడింది. దులుపుకోలేదు.

"కోర్టుకు పిలిచారు సిస్టర్," అన్నాను. "అక్కడ చెప్తాను. అంతా చెప్తాను. టేపు విప్పలేదని కూడా చెప్తాను. నా ఉద్యోగానికి ఏమైనా కానీ."

ఆమె జొన్నల్లోంచి ఒక రాయి ఏరి వీధిలోకి విసిరింది.

"చెప్పు, వద్దనల్య. కానీ ఇప్పుడు నువ్వు చెప్పేది మా కోసరం కాదులే బ్రదర్. నీకు నిద్ర పట్టల్య, దానికోసరం."